పూతలపట్టు దాటని కారు

ఏడో తరగతిని నేను మూడేళ్లు చదివాను. అంత శ్రద్ధగా ఆ తరగతిని చదివినవాడు చిత్తూరు మొత్తం మీద ఇంకొకడు ఉండడు. మూడో ఏడు వచ్చేసరికి మాస్టర్లు నన్ను ప్రశ్నలు అడగడం మానేసి, సుద్దముక్కలు ఎక్కడ పెట్టారో అడిగేవాళ్లు. నాలుగో ఏడు బడి తెరవకముందే మా నాయన నా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఒక మెకానిక్ షెడ్డులో వదిలాడు. "పుస్తకం తెరిస్తే వీడికి నిద్రొస్తా ఉండాది. ఇంజను తెరిస్తే ఏమొస్తుందో సూడప్పా" అని మేస్త్రీకి అప్పజెప్పి వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు. ఏమొచ్చిందంటే, ఇరవై ఏళ్ల తర్వాత సొంత షెడ్డు వచ్చింది. ఏ సబ్బుకూ వదలని నలుపు గోళ్ల కిందికి వచ్చింది. కార్ల గురించి నాకు తెలియనిది లేదన్న పొగరు వచ్చింది. మొదటి రెండూ ఇంకా ఉన్నాయి.

మా షెడ్డుకు నాలుగు అంగళ్ల అవతల ఒక సాయిబు కార్లకు సీటు కవర్లు, టాపులు కుడతాడు. డెబ్బై దగ్గర పడ్డాయి. నేను షెడ్డులో పానాలు తుడిచే రోజుల నుంచి ఆయన్ను మామా అంటాను, ఆయన భార్యను అత్తా అంటాను. వాళ్లు నన్ను అల్లుడూ అంటారు. వాళ్లకున్న ఒక్క కూతురు మొగుడితో తిరుపతిలో ఉంటుంది కాబట్టి అసలు అల్లుడు ఎవరన్న అనుమానం ఎవరికీ లేదు. నేను ఉత్త అల్లుణ్ని. మర్యాదలు తక్కువ, తిట్లు ఎక్కువ.

ఇప్పుడు సీటు కవర్లన్నీ ప్లాస్టిక్ సంచిలో మడతపెట్టి వస్తున్నాయి. తొడిగితే సరి. మామ మిషను రోజుకు గంట తిరిగితే గొప్ప. అట్లాంటి రోజుల్లో కార్వేటినగరం పక్కన ఒక మామిడితోట షెడ్డులో ఆయనకు ఈ కారు కనబడింది. విదేశీ స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు, రెండే సీట్లు, పొడుగు ముక్కు, నేలకు జానెడు ఎత్తు. వయసులో నాకంటే పెద్దది. డ్రైవరు సీట్లో ఒక కోడిపెట్ట పొదుగుతూ కూర్చుని ఉండిందట. తోటాయన "తోలుకుపో సాయిబూ, ఈ పీడ వదుల్తుంది" అన్నాడు. మామ ఒప్పుకోలేదు. "పిల్లలు దిగనీ" అని చెప్పి ఇంటికి వచ్చేశాడు. దిగాక పోయి, కారును లారీ మీద ఎక్కించుకుని తెచ్చుకున్నాడు.

రెండేళ్లు దాన్ని కుట్టాడు. నిజంగానే కుట్టాడు. సీట్లు, తలుపుల లోపలి పట్టీలు, పైన గుడ్డ టాపు, అన్నీ చేత్తోనే. టాపు ఒకసారి పూర్తిచేసి, ఒక మూల ముడత నచ్చలేదని మొత్తం విప్పి మళ్లీ కుట్టాడు. ఇంజను పని నాది. పండిన టమాటా రంగు వేయించాం. మొదటిసారి అది మా వీధిలో కదిలిన రోజు చెప్పులు కుట్టేవాడు, టీ అంగడివాడు, బ్యాంకు కావలివాడు అందరూ రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డారు. మామ టోపీ సర్దుకుని, అద్దంలో చూసుకుని, హారను కొట్టాడు. నేను మాత్రం ఇంజను శబ్దం వింటూ ఉన్నాను. మిక్సీలో ఇడ్లీ పిండి తిరిగినట్టు మెత్తగా ఉంది. నా వీపు నేనే తట్టుకుందామంటే చెయ్యి అందలేదు.

మర్నాడు మామ, అత్త కూతురింటికి బయలుదేరారు. పూతలపట్టు దగ్గర కారు ఆగిపోయింది.

ఆగడమంటే టక్కున ఆగడం కాదు. ఎక్సిలేటరు తొక్కితే ముందుకు పోబోయి వెనక్కి తగ్గుతుంది. దగ్గుతుంది. బలం లేని ముసలివాడు మెట్టెక్కినట్టు రెండడుగులు వేసి నిలబడుతుంది. ఇక ఎంత తిప్పినా పలకదు. రోడ్డు పక్కకు తోసి, అరగంట టీ అంగడి దగ్గర కూర్చుని వచ్చి మళ్లీ తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. మామ తిరుపతి పోకుండా అక్కడి నుంచే తిప్పుకుని వచ్చేశాడు.

"ఏమల్లుడూ, నీ ఇంజను టీ అడగతా ఉండాది" అన్నాడు.

"పాయింట్లు అరిగినాయి మామా, అంతే. రేపు సాయంత్రానికి అయిపోతుంది" అన్నాను.

మా షెడ్డుకు వచ్చిన బండిని మొదట సబ్బునీళ్లతో కడుగుతాం. కడిగి, నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు మార్చాను. నేనే తోలుకుని పూతలపట్టు దాకా పోయి, అదే అంగట్లో టీ తాగి వచ్చాను. ఒక్క దగ్గు లేదు. కారు అప్పజెప్పాను. మూడు వారాలకు మామ ఫోన్ నుంచి నాకు ఫోటో వచ్చింది. అదే చింతచెట్టు, అదే టీ అంగడి, బానెట్టు ఎత్తిన టమాటా కారు.

ఈసారి కార్బురేటరు విప్పాను. సన్నని రంధ్రాల్లో మట్టి చేరి ఉంటుందని గాలి కొట్టి, పెట్రోలులో నానబెట్టి, తలవెంట్రుక కూడా దొరకనంతగా శుభ్రం చేశాను. పూతలపట్టు పోయి వచ్చాను. బంగారంలా నడిచింది. అప్పజెప్పాను. మళ్లీ ఫోటో. మూడోసారి, నిప్పురవ్వకు కరెంటు అందించే కాయిలు. వేడెక్కితే కాయిలు పనిచేయదు, చల్లారితే పనిచేస్తుంది. అరగంట టీ కథకు అతికినట్టు సరిపోయింది. ఇదే జబ్బు అని ఊరంతా చాటింపు వేసి మార్చాను. మళ్లీ ఫోటో. నాలుగోసారి పెట్రోలు పంపు. ఈసారి ఫోటోలో టీ అంగడివాడు కూడా నవ్వుతూ నిలబడి ఉన్నాడు. వాడికి మామ అలవాటైపోయాడు.

నన్ను తినేసిన సంగతి ఒకటే. కారు నా చేతిలో ఆగదు. నేను పది సార్లు పోయి వచ్చి ఉంటాను పూతలపట్టుకు. ఆయన చేతిలో పోతే ఆగుతుంది. ఒకరోజు ఉండబట్టలేక అనేశాను.

"మామా, కోపం తెచ్చుకోబాకు. నువ్వు క్లచ్చు మీద కాలు పెట్టి కునుకు తీస్తా ఉండావా?"

"మీ అత్త పక్కన కూర్చోనుంటే ఎవుడికి కునుకొస్తుంది రా?" అన్నాడు.

"అయితే ఈ కారుకు నా మీద మనసు పడింది మామా. నేను ఎక్కితే గుర్రం, నువ్వు ఎక్కితే గాడిద."

మామ నవ్వాడు కానీ ఆ నవ్వు సగంలో ఆగింది. ఈ కిందటిసారి ఆగినప్పుడు అత్త ఎండలో ఒడిలో క్యారియరు పెట్టుకుని గంట కూర్చుందట. కూతురింట్లో అందరూ అన్నం ముందు ఎదురుచూస్తూ ఉన్నారట. వేలూరులో పాత కార్ల పిచ్చి ఉన్న డాక్టరొకాయన అప్పటికి మూడుసార్లు మనిషిని పంపి ఈ కారు అడిగించాడు. అత్త మామ చేత ఒట్టు వేయించుకుంది. వచ్చే ఆదివారం తిరుపతికి పోతారు. దారిలో ఈసారి ఆగిందా, కారు వేలూరుకు. ఆగకపోతే, మళ్లీ ఆ మాట ఎత్తదు.

మళ్లీ కడిగి, అన్నీ ఇంకోసారి బిగించి పెట్టాను. శనివారం కారు తీసుకోవడానికి వచ్చిన మామ తాళం అందుకుని తలుపు తెరిచాడు. సీటు అంచున కుట్టు మీద బొటనవేలు రాస్తూ మెల్లిగా అన్నాడు: "ఇట్టాంటి కుట్టు ఇంకెవురూ అడగరప్పా ఇప్పుడు. ఇది పోతే ఆ మిషనుకి గుడ్డ కప్పేస్తా."

"నేనూ ఎనకాలే వస్తా మామా, బండి మీద" అన్నాను.

ఆదివారం పొద్దున బయలుదేరాం. ముందు టమాటా కారు, టాపు మడిచి. అత్త నల్లకళ్లద్దాలు పెట్టుకుని, పైట గాలికి ఎగరకుండా చెంగు పళ్ల మధ్య పట్టుకుని, ఒడిలో బిరియానీ క్యారియరుతో. వెనక నా మోటారు సైకిలు, దాని మీద పానాల సంచి, దాని మీద నేను. ఊరి చివర బంకులో మామ ట్యాంకు నిండా పెట్రోలు పోయించాడు. దూర ప్రయాణమంటే అది ఆయన పద్ధతి. బస్సుల్లో పిల్లలు కిటికీల్లోంచి చేతులు ఊపారు. అత్త ఒకసారి చెయ్యి ఊపి, చూశారేమోనని మళ్లీ గంభీరంగా కూర్చుంది.

పూతలపట్టు ఇంకా కిలోమీటరు ఉందనగా కారు దగ్గింది.

నా గుండె కూడా దగ్గింది. ముందర కారు వేగం తగ్గింది, ఎత్తుకుంది, మళ్లీ తగ్గింది. చింతచెట్టు దాకా ఎట్లాగో లాక్కుని పోయి నిలబడిపోయింది. అవతల నుంచి టీ అంగడివాడు చూసి, అడక్కుండానే పాలు పొయ్యి మీద పెట్టాడు.

మామ స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి కదలకుండా కూర్చున్నాడు. అత్త తలుపు తీసుకుని, క్యారియరు పట్టుకుని దిగింది. కేకలు లేవు, తిట్లు లేవు. అది ఇంకా భయం.

"ఒట్టు వేసినావు" అంది.

"వేసినా" అన్నాడు మామ.

ఆమె రోడ్డు పక్కకు పోయి తిరుపతి బస్సు కోసం నిలబడింది.

నేను పానాల సంచి దించి కూడా తెరవలేదు. ఏది విప్పాలి? విప్పగలిగిందంతా నాలుగుసార్లు విప్పేశాను. ఊరికే నిలబడితే బాగుండదని, కారు వెనక పక్కకు పోయి ట్యాంకు మీది చిన్న తలుపు తెరిచాను. ఇప్పుడే నిండా పోయించిన పెట్రోలు ఎక్కడికి పోతుంది? అయినా చేతికి ఒక పని. లోపలి మూత పట్టుకుని తిప్పాను.

బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది.

ఎంత గట్టిగానంటే, రోడ్డు మీద అత్త తల తిప్పింది. "పామా?" అంది.

పాము కాదు. మూత చేతిలోకి తీసుకుని చూశాను. నా బొటనవేలికి ఎర్రగా అంటింది. ఆ ఎరుపు నేను బాగా ఎరిగిందే.

నాకు పని నేర్పిన మేస్త్రీ పద్ధతి ఒకటుంది. షెడ్డు దాటి పోయే ఏ బండికైనా బొట్టు పెట్టి పంపాలి. బొట్టు లేకుండా పంపితే మూలమలుపులోనే గుద్దుకుంటుందని ఆయన నమ్మకం, ఇన్నేళ్లలో అది నా చేతి అలవాటు. గాలికి ఎగిరిపోకుండా కుంకుమలో చందనం, రెండు చుక్కల ఆముదం కలిపి చిన్న డబ్బాలో పెట్టుకుంటాను. బానెట్టు నడుమ ఒక బొట్టు, అంతే. కానీ ఇది సాయిబు కారు. ఆయన కళ్లెదుటే బానెట్టు మీద బొట్టు పెడితే బాగుంటుందా? పెట్టకుండా పంపుదామంటే నాకు మనసొప్పదు. అందుకని మహా తెలివిగా, ఎవరికీ కనబడకుండా, వెనక చిన్న తలుపు తెరిచి లోపల పెట్రోలు మూతకు పెట్టేవాణ్ని. సరిగ్గా నడిమధ్యన. అందంగా.

ఆ పాతకాలం మూతకు సరిగ్గా నడిమధ్యన గుండుసూది పట్టేంత రంధ్రం ఉంటుంది.

నూనె డబ్బాకు ఒక్క చోటే బొక్క పెడితే నూనె ఆగి ఆగి గుటగుటమంటూ పడుతుంది. ఇంకో పక్క ఇంకో బొక్క పెడితే ధారగా దిగుతుంది, గాలి లోపలికి పోవాలి కాబట్టి. ఇది మా ఆవిడకు తెలుసు, కిరాణా కొట్టువాడికి తెలుసు, ఏడో తరగతి మూడేళ్లు చదివిన నాకు కూడా తెలుసు. ట్యాంకులో పెట్రోలు తగ్గేకొద్దీ దాని చోటులోకి గాలి రావాలి. వచ్చే దారిలో నేను కుంకుమ పెట్టాను. గాలి కరువై పెట్రోలు కిందికి దిగదు, ఇంజనుకు బలం చాలదు. అరగంట ఆగితే సందుల్లోంచి కొంచెం గాలి చేరుతుంది, మళ్లీ నడుస్తుంది. నిండు ట్యాంకులో ఖాళీ తక్కువ కాబట్టి కరువు తొందరగా వస్తుంది. అందుకే ఎప్పుడూ పూతలపట్టే.

నా చేతిలో ఎందుకు ఆగలేదు? నేను తోలి చూసేది బొట్టు పెట్టకముందు. కడిగిన కారు, కడిగిన మూత. అంతా బాగుందని చూసుకుని, అప్పుడు పెట్టేవాణ్ని. ప్రతిసారీ రోగాన్ని సబ్బునీళ్లతో కడిగి, లేని రోగానికి వైద్యం చేసి, చివర్న నా చేత్తో మళ్లీ రోగం అంటించి పంపాను.

నవ్వు పొంగుకొచ్చింది. ఆపుకున్నాను. అప్పుడొక దొంగ ఆలోచన వచ్చిందని ఒప్పుకోవాలి. మూత తుడిచి పెట్టేసి "అయిపోయింది మామా" అంటే చాలు, కారు తిరుపతి దాకా పరుగెత్తుతుంది, నా పేరు నిలబడుతుంది. కానీ ఒట్టు తిరుపతి చేరడం గురించి కాదు. ఆగకుండా చేరడం గురించి. కారు ఆగింది. ఒట్టు ఒట్టే. దూరంగా బస్సు కనబడుతోంది, అత్త చెయ్యెత్తబోతోంది. కారును కాపాడాలంటే తప్పు కారుది కాదని తేలాలి. మరి ఎవరిదో తేలాలి.

"అత్తా!" అని అరిచాను. "బస్సు ఎక్కబాకు! కారుది తప్పు కాదు, నాది!"

మూత పట్టుకుపోయి ఇద్దరి మధ్యా నిలబడి అంతా చెప్పాను. బొట్టు, రంధ్రం, నూనె డబ్బా, ఏదీ దాచలేదు. బస్సు మమ్మల్ని చూసి వేగం తగ్గించి, తిట్టుకుంటూ పోయింది.

మామ మూత తీసుకుని తిప్పి చూశాడు. "ఇది నాకు తెలుసప్పా" అన్నాడు.

"ఏంది తెలుసు?"

"ఈ బొట్టు. బంకులో మూత తీసినప్పుడల్లా సూస్తానే ఉండా. పెట్రోలు పోసేటోడు ఒకపారి గుడ్డతో తుడవబోతే నేనే వొద్దన్నా. పిల్లోడు ప్రేమగా పెట్టినాడు, తుడిస్తే నొచ్చుకుంటాడేమో అని."

ఆయన నొచ్చుకుంటాడని నేను దాచిపెట్టాను. నేను నొచ్చుకుంటానని ఆయన కాపాడాడు. మా ఇద్దరి మర్యాదల నడుమ పాపం కారు ఊపిరాడక చచ్చింది.

"ఒరే, నొసట పెట్టే బొట్టును ముక్కులో పెడితే ఎవురికన్నా ఊపిరాడుతుందా?" అన్నాడు మామ. అని, పగలబడి నవ్వాడు. ఆయన అట్లా నవ్వడం నేను చూసి నాలుగు నెలలైంది. కళ్లలో నీళ్లొచ్చేదాకా, బానెట్టు పట్టుకుని వంగిపోయేదాకా నవ్వాడు. "బానెట్టు మీద పెట్రా! ఇంత పెద్ద బానెట్టు పెట్టుకోని యాడో సందులో పెడతావేందిరా! నేను వొద్దన్నానా ఎప్పుడన్నా?"

"అడగలేదు గదా మామా."

"నువ్వు అడగలా, నేను సెప్పలా. సరిపోయింది!"

అత్త ఇంకా నవ్వలేదు. తీర్పు ఆమెది. క్యారియరు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. మామ నవ్వు ఆపి, బడిపిల్లవాడిలా ఆమె ముఖంలోకి చూశాడు.

"అయితే" అంది మెల్లగా, "అమ్మాల్సింది కారును కాదు. ఈ మెకానిక్కును. ఆ వేలూరు డాక్టర్ని అడుగు, వీణ్ని కొంటాడేమో."

అని తలుపు తీసుకుని కారులో కూర్చుంది.

నేను చొక్కా కొసతో మూత తుడిచాను. గుండుసూది ఎక్కడా దొరక్కపోతే అత్తే పైట నుంచి పిన్నీసు తీసి ఇచ్చింది. రంధ్రం పొడిచి, నోటితో ఊది, బిగించాను. మామ తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. టీ అంగడివాడు మూడు గ్లాసులు పట్టుకుని రోడ్డు దాటి వస్తున్నాడు. మేం కదిలిపోతుంటే "టీ అప్పా! టీ!" అని కేకేశాడు. అత్త కారులోంచే "వచ్చేటప్పుడు తాగుతాం" అంది.

ఆ తర్వాత నేను చూసింది ఎక్కువగా దుమ్మే. ఆ కారు అంత వేగం పోగలదని దాన్ని బిగించిన నాకే తెలియదు. నా మోటారు సైకిలు అరుస్తూ వెంటపడింది కానీ పనపాకం దాటాక టమాటా చుక్క కూడా కనబడలేదు. గుడ్డ టాపు మడిచి ఉండడంతో అత్త చెయ్యి ఒకటి పైకి లేచి, ముందర పోయే లారీని దాటమని చూపించడం మాత్రం అంతకుముందు దూరం నుంచి ఒకసారి కనబడింది. నేను తిరుపతి చేరేసరికి వాళ్లు భోజనానికి కూర్చున్నారు. అసలల్లుడు నాకు ఆకు వేయబోతే అత్త ఆపింది. "ముందు ఆ చేతులు కడుక్కోమను. యాడ ఏమి పూస్తాడో" అంది. బిరియానీలో పెద్ద ముక్క మాత్రం నాకే వేసింది.

ఇప్పుడు బానెట్టు నడుమ రూపాయంత బొట్టు పెట్టి పంపుతాను. మామ మిషనుకు గుడ్డ కప్పలేదు. పోయిన నెల ఒక కుర్రాడు ఆ సీట్లు చూసి తన జీపుకు అట్లాగే కుట్టమని వచ్చాడు. మామ వాణ్ని అరగంట కూర్చోబెట్టి కుట్ల గురించి చెప్పాడు. వాడు పాపం బయటపడలేక టీ తాగుతూ విన్నాడు.

నా పొగరు కూడా మెల్లిగా లేచి కూర్చుంది. ఒక సాయంత్రం మామ అంగట్లో నలుగురు ఉండగా ఈ కథ చెబుతూ, "ఏమైనా గానీ అత్తా, రోడ్డు మీద ఒక్క నిమిషంలో పట్టుకున్నానా లేదా? ఇంకో మెకానిక్కయితే పట్టగలడా?" అన్నాను.

ఆమె గుండీలు ఏరుతూ తలెత్తకుండానే అంది: "దొంగవూ నువ్వే, పోలీసువూ నువ్వే. అయినా దొరకడానికి నాలుగు నెల్లు పట్టిందే అల్లుడూ!"